పెద్దమ్మికి తప్పిన గుడి

తేలని లెక్క

ఈ ప్రయాణం నేను ఒక లెక్క తేలక చేశాను.

ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాక, ఏలూరులో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థకు వారానికి మూడు రోజులు వెళుతున్నాను. మేము పిల్లలకు పలకలు పంచం, పండ్లు పంచం. పిల్లల కోసం ప్రభుత్వం రాసే కాగితాలు చదువుతాం. రాయనిది రాయమని అడుగుతాం. అడగాలంటే లెక్క కావాలి. ఆ లెక్క సరిచూడడం నా పని.

ఈసారి అడగదలచింది చిన్న విషయమే. తెల్లవారకముందే తల్లులు పనికి పోయే చోట్ల అంగన్‌వాడీ కేంద్రం తొమ్మిదింటికి కాకుండా ఆరింటికి తెరవాలి. దీనికోసం మా సౌజన్య మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో యాభై రెండు ఇళ్ళు తిరిగి ఫారాలు నింపుకొచ్చింది. పట్టిక కట్టి పై అధికారిణికి పంపాం. ఆవిడ ఫోనులో మర్యాదగానే అన్నారు: "మీ పట్టిక ప్రకారమే ముప్పై ఎనిమిది ఇళ్ళలో పిల్లల్ని ఇంటి పెద్దలు చూసుకుంటున్నారు. ఇంక పొద్దున్నే కేంద్రం ఎందుకండీ? గురువారం మధ్యాహ్నం కుప్పంలో ఉంటాను. చెప్పేదేమైనా ఉంటే రండి."

నేను బీరువాలోంచి చేతిరాత ఫారాలు తీశాను. ముప్పై ఎనిమిదింటిలోనూ 'పిల్లల్ని చూసుకునేది ఎవరు' అన్నదానికి ఎదురుగా ఒకటే మాట: పెద్దమ్మ. వాటిలో చాలా ఫారాల్లో పైన 'ఇంట్లో పద్దెనిమిదేళ్ళు దాటినవారు: ఇద్దరు, తల్లి, తండ్రి' అని ఉంది. ఆ ఇద్దరూ ఐదింటికే పనికి పోతారు. మరి ఈ పెద్దమ్మ ఎక్కడినుంచి వచ్చింది? పైగా యాభై రెండు ఇళ్ళలో ముప్పై ఎనిమిది మంది పెద్దమ్మలా? మా వంశమంతా వెతికినా నాకు ఇద్దరే.

సౌజన్యను పిలిచి అడిగాను. వాళ్ళది భీమవరం. ఇంటికి ఒక్కతే కూతురు.

"వాళ్ళు అదే చెప్పారు మేడమ్. నా చెవులతో విన్నాను" అంది.

"నీ చెవులది ఏ జిల్లా?" అన్నాను.

ఇద్దరం ఆదివారం రైలెక్కాం.

మదనపల్లె, సోమవారం

ఆషాఢంలో మా ఏలూరులో ఉక్కకు చీర ఒంటికి అంటుకుపోతుంది. మదనపల్లెలో మధ్యాహ్నం పన్నెండున్నరకు దిగితే గాలికి పైట నిలవలేదు. ఆ ఊరు వెళ్ళొచ్చినవాళ్ళందరూ ఆ గాలి గురించి చెబుతారు, అతిశయం అనుకునేదాన్ని. కాదు.

బస్టాండు దగ్గర చిన్న హోటల్లో రాగి సంగటి తిన్నాం. డెబ్భై రూపాయలకు బంతిలా ఒక ముద్ద, ఆకుకూర పప్పు, చెనిక్కాయల చట్నీ. మేము వేరుసెనగ అంటాం. నేను అలవాటు కొద్దీ నములుతుంటే వడ్డించే ఆమె నిలబడి చూసింది.

"నమలద్దు అవ్వా. పప్పులో అద్ది మింగల్ల. నమిల్తే రేపటికీ అయిపోదు."

మా వైపు నన్ను మామ్మగారూ అంటారు. ఇక్కడ అందరికీ అవ్వనే. సాయంత్రానికి అలవాటైంది. అంతేకాదు, ఆ పిలుపే నాకు మొదటి ఆధారం ఇచ్చింది. ఇంట్లో ముసలిది ఉంటే ఈ ఊళ్ళో అవ్వ అంటారు కదా. మా ఫారాల్లో అవ్వలు ఇద్దరే ఉన్నారు.

మొదటి ఫారం టమాటా మండీ వెనక వీధిలో ఉండే శాంతమ్మది. ఆమె మండీలో కాయలు ఏరుతుంది. పండువి ఒక బాక్సు, దోరవి ఒక బాక్సు, మచ్చపడినవి పక్కకు. సాయంత్రం మేము వెళ్ళేసరికి గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు తీస్తోంది. ఆ చేతులకు ఏరడం ఆగదేమో అనిపించింది. పక్కన ఒక తొమ్మిదేళ్ళ పిల్ల రెండేళ్ళ మగపిల్లాణ్ణి చంకనేసుకుని నిలబడి ఉంది.

"యాడి నుంచి వస్తాండారమ్మా ఇంత దూరం?" అంటూ చాప పరిచింది.

సౌజన్య ఫారం తెరిచి పాత ప్రశ్నే అడిగింది. "మీరిద్దరూ పనికి పోతే బాబును ఎవరు చూసుకుంటారు?"

"ఆ పొద్దే చెప్తిని గదమ్మా. మా పెద్దమ్మి సూసుకుంటాది."

"ఆవిడ ఎక్కడుంటారు?"

శాంతమ్మ బియ్యం చేట దించింది. "ఆవిడా? ఆడ నిలబడుకోనుండాది గదమ్మా, మా రెడ్డెమ్మ."

చంకలో తమ్ముడున్న పిల్ల మా వైపు చూసి నవ్వింది.

పెద్ద అమ్మి. అమ్మి అంటే ఆడపిల్ల. పెద్దమ్మి అంటే ఇంట్లో పెద్ద కూతురు. భీమవరం చెవికి అది పెద్దమ్మగా వినపడింది. రాయడంలో ఒక గుడి తప్పింది. పట్టికలోకి వచ్చేసరికి పెద్దమ్మ 'ఇంటి పెద్దలు' అయింది. తొమ్మిదేళ్ళ పిల్లను మేమే ఇంటి పెద్దను చేసి, ఆ కాగితం మీద సంతకం పెట్టి పంపాం. ఆ సంతకం నాది.

సౌజన్య ముఖం ఎర్రబడింది. పెన్ను తీసి అక్కడే గుడి పెట్టబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను. తప్పును చెరపకూడదు. కొట్టివేసి, పక్కన సరైనది రాసి, తేదీ వేయాలి. నా దగ్గర చదువుకున్న పిల్లలకు ఇది తెలుసు.

"ఏమైందమ్మా?" అంది శాంతమ్మ.

విషయం చెప్పాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఒసే రెడ్డెమ్మా, నువ్వు గవుర్మెంటుకు పెద్దమ్మవంటనే." నవ్వు అయ్యాక చేట మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని, "ఒకరకంగా నిజమేలెమ్మా" అంది.

రెడ్డెమ్మ నాలుగో తరగతి. ఆమె పుస్తకాలు చూపించమన్నాను. లెక్కల నోటు చివరి పేజీ నిండా నిలువు గీతలు, ప్రతి ఐదింటికీ ఒక అడ్డగీత.

"ఇదేమిటమ్మా?"

"నేను బడికి పోయిన దినాలవ్వా. పిల్లోణ్ణి అంగన్‌వాడీలో ఇడిసి పోయేసరికి లేటయితాది. టీచరమ్మ ఫోన్లో హాజరు ఏసేసుంటాది. మళ్ళా ఏస్తే ఫోను ఒప్పుకోదంట. అందుకని నేనే రాసుకుంటాండాను."

గీతలు లెక్కపెట్టాను. ఇరవై మూడు. నా ముందే ఇంకోసారి లెక్కపెట్టి, సరిపోయిందని తల ఊపింది.

శాంతమ్మ గొంతు తగ్గించింది. "వాళ్ళ నాయిన అంటాండాడు, హాజరే లేనప్పుడు బడి యాల, ఇంటి కాడే ఉండనీ, పిల్లోడికీ మంచిది అని. ఒకటో తేదీ నుంచి మాన్పిస్తానంటాడు. ఆయప్పతో నేనేం కొట్లాడను?"

ఒకటో తేదీకి అప్పటికి పదకొండు రోజులు.

మండీ నుంచి బడి దాకా, మంగళవారం

తెల్లవారి ఐదింటికి మండీకి వెళ్ళాం. ఇంత ఎరుపు ఒకచోట నేను పెళ్ళిళ్ళలో కూడా చూడలేదు. లారీలు, బాక్సులు, వేలం పాడేవాళ్ళ కేకలు, వాటి మధ్య వరసగా కూర్చుని కాయలు ఏరే ఆడవాళ్ళు. ఎడంచేత్తో తీసే కాయ కుడిచేతిలోకి వచ్చేసరికి ఏ బాక్సుకో నిర్ణయమైపోతుంది. ఏలూరు రైతుబజార్లో నేను ఒక్కో కాయనూ తిప్పి తిప్పి చూస్తానని కూరగాయలమ్మాయి విసుక్కుంటుంది. ఆ అమ్మాయిని ఒకసారి ఇక్కడికి తేవాలి.

శాంతమ్మ మమ్మల్ని చూసి పక్కావిడతో అంది: "ఈయమ్మే, మా పెద్దమ్మిని పెద్దమ్మను చేసింది." ఆ వరసంతా నవ్వింది. టీ తెప్పించారు. డబ్బులివ్వబోతే, "మీ ఊరికొచ్చినప్పుడు నువ్వు తాపియ్యి" అన్నారు. ఇది నా పుస్తకంలో రాసి ఉంది. ఏడు టీలు నేను తాపించాలి.

ఏడింటికి శాంతమ్మ ఇంటికి వెళ్ళి రెడ్డెమ్మ వెంట ఉన్నాం. తమ్ముడికి మొహం కడిగింది, మేము మరమరాలు అనే బొరుగులు పెట్టింది, తనకు జడ వేసుకుంది. ఒక జడ అయ్యేసరికి వాడు ఏడ్చాడు. రెండోది నేను వేశాను. ఎనిమిది యాభైకి వాణ్ణి ఎత్తుకుని బయలుదేరింది. తొమ్మిదీ రెండుకు కేంద్రం తలుపు తీశారు. వాడు రెడ్డెమ్మ మెడ వదలడానికి పదమూడు నిమిషాలు పట్టింది. బడి ఊరికి ఆ చివర. నా మోకాళ్ళ కోసం ఆ పిల్ల రెండుసార్లు ఆగింది. ఆ ఆరు నిమిషాలూ తీసివేసినా బడి చేరేది పది దాటాకే.

టీచరమ్మ మంచి మనిషి. "నేనేం చేసేదమ్మా. కళ్ళ ముందర పిల్ల ఉంటాది, ఫోన్లో ఉండదు. అన్నం, గుడ్డు అన్నీ పెడతాను. హాజరొక్కటే నా చేతిలో లేదు" అంది.

తిరిగొస్తూ అంగన్‌వాడీలో ఆయా మునెమ్మను కలిశాం. ఆరింటికి తెరవగలవా అని అడిగాను.

"నాకేమమ్మా, నాలుక్కే లేస్తాను. ఇల్లు ఈ ఎనకమాలే. అయితే కాగితం ఉండల్ల. కాగితం లేకుండా తెరిస్తే, ఏదైనా అయితే నా మీదికొస్తాది. ఇంకోటి. ఆరుకొస్తే నాలుగు దాకా కూర్చోలేను. నేనూ మనిసినే."

సబబైన మాట. మా వినతిపత్రంలో ఆ రెండో ముక్క లేదు. ఆరింటికి వచ్చే ఆయా రెండింటికి ఇంటికి పోవాలి అని ఆమె ముందే రాసి, చదివి వినిపించాను. "ఆ, ఇప్పుడు సరిపాయ" అంది.

పుంగనూరు, బుధవారం

మదనపల్లెలో పదిహేడు పెద్దమ్మలను సరిచూస్తే పద్నాలుగు పెద్దమ్మిలు తేలారు. ముగ్గురు మాత్రం నిజం పెద్దమ్మలే.

"మిగతావి కూడా మార్చేసి నేరుగా కుప్పం వెళ్ళిపోదామా మేడమ్?" అంది సౌజన్య. ఆ ముగ్గురి సంగతి గుర్తు చేశాను. బస్సెక్కింది.

బస్సులో ఆడవాళ్ళకు టికెట్టు సున్నా. అయినా కండక్టరు ఆధార్ చూసి టికెట్టు చింపి ఇస్తాడు. నేను దాన్ని పుస్తకంలో పెట్టుకుంటుంటే, "దుడ్డు లేనిదాన్ని కూడా దాస్తావా అవ్వా?" అన్నాడు. సున్నా కూడా అంకేనని చెప్పాను. తరవాత ఎక్కినవాళ్ళకు ఆ మాట తనదిగా చెప్పుకున్నాడు.

పుంగనూరులో తల్లులు తెల్లవారక ముందే ఆటోల్లో తోటల పనికి పోతారు. పన్నెండు ఫారాలు. మొదటి ఎనిమిదీ పెద్దమ్మిలే. ఒక ఇంట్లో పెద్దమ్మికి ఏడేళ్ళు. పొయ్యి వెలిగించడం వచ్చా అని అడిగితే, ఇంత తెలియదా అన్నట్టు చూసింది.

తొమ్మిదో ఇంట్లో ఎవరినీ అడగకుండానే, సౌజన్య "పెద్దమ్మి చూసుకుంటుంది కదండీ" అంటూ పాతది కొట్టేయబోయింది. లోపలినుంచి కర్ర తాటించుకుంటూ ఒక పొడవాటి ముసలామె వచ్చింది. పేరు గంగులమ్మ.

"ఎవురా పెద్దమ్మి? ఈ ఇంట్లో ఉండేది ముగ్గురూ మొగపిల్లోళ్ళే. సూసుకునేది నేను. వాళ్ళమ్మకు అక్కను."

"అంటే మీరు పెద్దమ్మ..."

"పెద్దమ్మనే. బతికే ఉండాను. కొట్టేసినావంటే చూడు. రాసుకో."

సౌజన్య కొట్టివేతను కొట్టివేసి, మళ్ళీ రాసి, తేదీ వేసి, గంగులమ్మతో వేలిముద్ర కూడా వేయించుకుంది. ఎవరూ చెప్పకుండానే. నేను చూడనట్టు ఊరుకున్నాను.

గంగులమ్మ మమ్మల్ని వదల్లేదు. ఓళిగలు చేసింది. మా బొబ్బట్టు అరచేతంత, మందం. ఇక్కడి ఓళిగ విస్తరంత, చూస్తే అవతలివైపు కనపడేంత పలచన. నాలుగు తిన్నాను. షుగరుకు సంజాయిషీ ఏలూరులో చెప్పుకుంటానని ఆ రోజు పేజీలో రాసుకున్నాను. మిగిలిన మూడు ఇళ్ళకూ ఆమే మాకు ముందు నడిచింది. పన్నెండింటిలో తొమ్మిది పెద్దమ్మిలు, మూడు పెద్దమ్మలు.

పలమనేరు బస్టాండు

కుప్పం బస్సు కోసం పలమనేరులో నలభై నిమిషాలు కూర్చున్నాం. చుట్టూ మామిడికాయల బుట్టలు, పాల క్యాన్లు. ఆ రోజు లెక్క రాద్దామని చూస్తే కళ్ళజోడు లేదు. సంచీలో లేదు, తల మీదా లేదు.

ఫోను మోగింది. "అవ్వా, నీ కండ్లద్దాలు మా ఇంట్లో ఓళిగల తట్టలో ఉండాయి. ఎనక్కొస్తావా?"

వెనక్కి పోతే గురువారం తప్పిపోతుంది.

"ఉండనీ గంగులమ్మా."

"సరే. నేను పెట్టుకోని సూస్తి. నాకూ బాగనే అవుపిస్తాంది."

నా పుస్తకంలో ఆ పేజీ నుంచి చేతిరాత సౌజన్యది.

కుప్పం, గురువారం

కుప్పంలో వీధిలో మూడు భాషలు వినిపిస్తాయి. మేము టిఫిను తిన్న చోట యజమాని వంటవాడితో తమిళంలో, పాలవాడితో కన్నడంలో, మాతో తెలుగులో మాట్లాడాడు. లెక్క మాత్రం తనలో తాను తమిళంలోనే కూడుకున్నాడు. ఇడ్లీ, కాఫీ కలిపి ఇద్దరికీ తొంభై ఆరు. కాఫీకి మరో ఇరవై ఇవ్వవచ్చు, అంత బాగుంది.

ఇక్కడి తల్లులు కొందరు పొద్దున్నే రైలెక్కి బెంగళూరు వైపు ఇళ్ళు కట్టే పనులకు పోతారు. తొమ్మిది ఫారాలు తిరిగాం. ఎనిమిది పెద్దమ్మిలు, ఒక పెద్దమ్మ. మొత్తం ముప్పై ఎనిమిదిలో ముప్పై ఒకటి, ఏడు. లెక్క తేలింది.

మూడింటికి అధికారిణి ముందు కూర్చున్నాం. నలభై ఏళ్ళుంటాయి. బల్ల మీద మా పాత పట్టిక ఉంది.

"పెద్దలున్నారని మీరే రాశారు కదండీ" అన్నారు.

"మేమే రాశాం. తప్పు రాశాం. సంతకం నాది."

చేతిరాత ఫారాలు ముందుకు తోశాను. కళ్ళజోడు లేక నేను చదవలేను. సౌజన్యే చదవాలి. తన తప్పును తానే, ముప్పై ఒక్క సార్లు. లేచి నిలబడి మొదలుపెట్టింది. "శాంతమ్మ ఇల్లు, మదనపల్లె. రాసింది పెద్దమ్మ. అన్నది పెద్దమ్మి. వయసు తొమ్మిది." తరవాతది. తరవాతది. అయిదో కాగితం దగ్గర అధికారిణి చెయ్యి చాపి దాన్ని తీసుకున్నారు.

"పెద్దమ్మి" అన్నారు, పైకి చదువుతున్నట్టుగా. తరవాత నవ్వారు. "మాది కలికిరి. మా ఇంట్లో నన్ను ఇప్పటికీ అట్లే పిలుస్తారు. పట్టికలో ఇంటి పెద్దలు అని సూస్తే నాకేం తెలుస్తాదమ్మా."

అంతవరకూ ఆఫీసు తెలుగు మాట్లాడిన మనిషి. మాట మారింది.

"మిగిలినవి కూడా చదువు పాపా" అన్నారు. అన్నీ విన్నారు. ఏడేళ్ళ పిల్ల దగ్గర కాగితం మీద వేలు పెట్టి ఆగమన్నారు, మళ్ళీ చదవమన్నారు. గంగులమ్మ వేలిముద్ర దగ్గర సౌజన్యకు నవ్వొచ్చింది, ఆవిడకూ వచ్చింది.

"వేళలు అన్నిచోట్లా మార్చేది నా చేతిలో లేదు" అన్నారు చివరికి. "పైకి పంపుతాను, ఈ ఫారాలతో సహా. ఆయా ఒప్పుకున్న కేంద్రం ఏదైనా ఉంటే ఒకటి మాత్రం మూడు నెలలు నడిపి చూడమని నేను రాయగలను. ఉందా?"

"మదనపల్లె మండీ వెనక ఉంది. ఆరింటి నుంచి రెండింటి దాకా. రెండు దాటితే ఆమె కూర్చోదు. అదీ రాయండి."

రాశారు. నేను తేదీ అడిగాను. "ఒకటో తారీఖు నుంచి" అన్నారు. కాగితం ఇచ్చేటప్పుడు, "తప్పు మీరే పట్టుకోనొచ్చినారు, దాచిపెట్టినా నాకు తెలిసేది కాదు" అన్నారు. అది పొగడ్తో ఆశ్చర్యమో తేల్చుకోలేకపోయాను.

ఏలూరు

పుంగనూరు, కుప్పంల సంగతి ఇంకా పైవాళ్ళ దగ్గరే ఉంది. వారానికొకసారి ఉత్తరం రాస్తున్నాను. నాలుగు రాశాను. మా ఫారంలో ఆ ప్రశ్న మార్చాం. 'పిల్లల్ని చూసుకునేది ఎవరు' అన్నదాని పక్కనే 'పేరు, వయసు' అని రెండు గడులు పెట్టాం. ఆ గడులు గీసింది సౌజన్య. కళ్ళజోడు పార్శిల్లో వచ్చింది. దాని చుట్టూ రెండు కిలోల చెనిక్కాయలున్నాయి, పగలకుండా ఉండడానికట.

ఒకటో తేదీ సాయంత్రం ఆరింటికి శాంతమ్మ ఫోను చేసింది. మునెమ్మ ఐదున్నరకే తలుపు తీసిందట. మరో పదకొండు మంది పిల్లలు వచ్చారట. రెడ్డెమ్మ వాళ్ళ నాయన ఏమన్నాడని అడిగాను.

"ఏమీ అనలేదమ్మా. పొద్దున పనికి లేటయినా ఆయప్పే పిల్లోణ్ణి ఎత్తుకోనిపోయి ఇడిసొచ్చినాడు. ఉండు, అమ్మికిస్తాను."

ఫోను చేతులు మారింది. మండీ లారీల మోతలో ఏమీ వినపడలేదు.

"రెడ్డెమ్మా, ఉన్నావా?"

"ఉండాను అవ్వా" అంది. "టీచరమ్మ ఫోన్లో కూడా అట్లే ఏసుకునింది."